నరసాపురం టేలర్ హైస్కూలు: దొరగారు పెట్టిన బడి అంటున్నారు, మరి డబ్బు ఎవరిది?

వశిష్ఠ ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం అండి. నరసాపురం టేలర్ హైస్కూల్లో చదువుకున్న పాత విద్యార్థులం కొందరం కలిసి ఒక చిన్న సంచిక వేస్తున్నాం. బడి చరిత్ర రాసే పని నాకు అప్పజెప్పారు. మా గ్రూపులో తిరుగుతున్న మెసేజ్ ప్రకారం టేలర్ అనే దొరగారు ఈ ప్రాంతానికి చదువు తెచ్చాడు, ఆయన రాకముందు ఇక్కడ బడి అన్నదే లేదు, ఊరూరా బడులు కట్టించి జనానికి దానంగా ఇచ్చాడు. ఆనకట్టకు కాటన్ దొర ఎలాగో మా చదువుకు టేలర్ దొర అలాగ అన్నమాట.

ఇది యథాతథంగా అచ్చు వేయడానికి నాకు మనసొప్పడం లేదు. మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ గుడ్డల వ్యాపారం నడిచింది, పాలకొల్లులో డచ్చివాళ్ళు కొట్లు పెట్టారు, మా రేవులో ఓడలు కట్టేవాళ్ళు. ఇన్ని లెక్కలు, ఇన్ని పత్రాలు నడిచిన చోట రాతకోతలు తెలిసినవాళ్ళు లేరంటే ఎలా నమ్మాలి? సరే, చదువు ఉంది అనుకుందాం, అది ఎలాంటి చదువు, ఎవరికి చెప్పేవాళ్ళు?

ఇంకో సంగతి. మా నాయనమ్మ వాళ్ళ ఊరు పెనుగొండ దగ్గర. "మన బడికి శిస్తుతోపాటు డబ్బు కట్టేవాళ్ళంట" అని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకోవడం చిన్నప్పుడు విన్నాను. దానికి ఏమైనా ఆధారం ఉందా, లేక అది తర్వాత వచ్చిన తాలూకా బోర్డు పన్ను గురించి చెప్పుకున్న మాటా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, పొడుగ్గా రాసినా చదువుతాను.

పాత దస్త్రం

మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది నిజమే అండి. నన్నడిగితే మీ సంచికకి అసలు కథ అదే. దొరగారిని కాసేపు పక్కన పెట్టి ఆ శిస్తు సంగతి నుంచి మొదలుపెట్టండి.

ముందు టేలర్ ఎవరో చెప్పేస్తాను. జార్జ్ నోబుల్ టేలర్, అప్పటి రాజమండ్రి జిల్లాకి సబ్ కలెక్టరు. 1852లో నరసాపురంలో బడి పెట్టించింది ఆయనే, హైస్కూలుకి పేరు కూడా ఆయనదే, ఇందులో వివాదం ఏమీ లేదు. ఆ తర్వాత పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో దీనికి శాఖల్లాగా మూడు బడులు వచ్చాయి. ఇక్కడి వరకు మీ మెసేజ్‌తో నాకు పేచీ లేదు. చొరవ ఆయనది, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. అప్పట్లో జిల్లాల్లో పనిచేసిన దొరలు చాలామంది శిస్తు వసూలు చేసుకుని, కచేరీ నడుపుకుని వెళ్ళిపోయినవాళ్ళే.

ఆ నాలుగు బడులూ చూసి చుట్టుపక్కల పల్లెటూళ్ళవాళ్ళు మాకూ ఒక బడి కావాలి అన్నారు. డబ్బు ఎవరిస్తారు అంటే మేమే ఇస్తాం, ఏటా జమాబందిలో మా ఊరి శిస్తు ఎంత తేలుతుందో దాని మీద ఇంత అని బడి కోసం కలిపి వసూలు చేసుకోండి అన్నారు. ఇది పైనుంచి రుద్దిన పన్ను కాదు. ప్రభుత్వ కాగితాల్లోనే ఊళ్ళవాళ్ళు తమంతట తాము ముందుకొచ్చారని రాసుకున్నారు. టేలర్ ఆ ప్రతిపాదనను మద్రాసుకి పంపాడు, 1855లో దానికి అనుమతి వచ్చింది. అదే సమయంలో పైన కూడా పరిస్థితి అనుకూలంగా ఉంది. 1854లో లండన్ నుంచి చదువు గురించి పెద్ద ఉత్తర్వు వచ్చింది, పంపింది ఇండియా వ్యవహారాలు చూసే బోర్డు అధ్యక్షుడు చార్లెస్ ఉడ్, 1855లో మద్రాసులో విద్యాశాఖ ఏర్పడి అలెగ్జాండర్ అర్బత్‌నాట్ దానికి మొదటి డైరెక్టరు అయ్యాడు. కొత్తగా పుట్టిన శాఖకి రైతులే ఖర్చు పెట్టుకుని బడులు నడుపుకుంటాం అని ఒక జిల్లా నుంచి కబురు వస్తే కాదంటారా?

ఆ సమయంలోనే ఎందుకు అన్నది కూడా చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది, మీ బడి పుట్టిన సంవత్సరం కూడా అదే. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఈ జిల్లా ఎంత దెబ్బతిన్నదంటే, 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువులు, తుపానులు, వలసలు. 1833 కరువులో చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు ఊళ్ళు వదిలి పోయారు. అలాంటి చోట నీళ్ళు వచ్చి పంట కాస్త చేతికి అందగానే రైతు అడిగిన వాటిలో బడి ఉంది. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే, మీ సంచికలో దీనికి ఒక పేజీ అయినా ఇవ్వండి.

ఇక ఆ బడి సొమ్ము ఎలా వసూలయ్యేది, తర్వాత ఎందుకు చిక్కుల్లో పడింది. ఇది కొంచెం శిస్తు గొడవ, ఓపిగ్గా చదవండి. అప్పట్లో గోదావరి ఊళ్ళలో చాలాచోట్ల ఊరు మొత్తానికి కలిపి ఒక శిస్తు కట్టేవాళ్ళు, దాన్ని విసబడి అనేవాళ్ళు. ఊరికి ఇంత అని సర్కారు తేలుస్తుంది, ఎవరి భాగం ఎంతో ఊళ్ళో రైతులు తమలో తాము పంచుకుంటారు. ఈ పద్ధతిలో బడి ఖర్చు కలపడం చాలా తేలిక. ఊరు ఒప్పుకుంది, ఊరు కడుతుంది, అంతే. 1860ల్లో రైతువారీ సెటిల్‌మెంట్ వచ్చాక ప్రతి రైతుకీ విడిగా పట్టా, విడిగా శిస్తు. ఇప్పుడు ఒక రైతు నేను బడికి కట్టను అంటే ఏ చట్టం ప్రకారం వసూలు చేస్తారు? ఏ చట్టమూ లేదు. ఆ చిక్కు విప్పడానికే 1863లో మద్రాసు విద్యా చట్టం తెచ్చారు. ఊరివాళ్ళు కోరుకుంటే కమిషనర్లను పెట్టి బడి పన్ను వేసుకోవచ్చు అని దాని సారాంశం. చట్టం మొత్తం రాష్ట్రానికి, కానీ ఆచరణలో దాన్ని పట్టించుకున్నది ఎక్కువగా ఈ గోదావరి జిల్లాలోనే. మిగతా జిల్లాల్లో అది కాగితం మీదే ఉండిపోయింది. చివరికి 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చి, ఆ బడులు బోర్డుల చేతుల్లోకి వెళ్ళాయి.

కాబట్టి మీ మెసేజ్‌లో "దానంగా ఇచ్చాడు" అన్న మాట తీసేయండి. ఊరూరా బడి నడిపింది రైతు కట్టిన సొమ్ము.

ఇసుక పలక

పాత దస్త్రం గారు డబ్బు సంగతి చెప్పేశారు కాబట్టి, నేను "అంతకుముందు బడి అన్నదే లేదు" అన్న మాట గురించి రాస్తాను. ఆ మాట చూస్తే నాకు కోపం వస్తుంది అండి, ఎందుకంటే ఇది తప్పని ఇంగ్లీషు వాళ్ళ లెక్కలే చెబుతున్నాయి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి కలెక్టరునీ మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎవరు చదువుతున్నారు, కులాలవారీగా లెక్క పంపండి అని అడిగాడు. రాజమండ్రి కలెక్టరు రాబర్ట్‌సన్ పంపిన లెక్కలో 291 బడులు, వాటిలో 2,658 మంది పిల్లలు ఉన్నారు. మీ నరసాపురం కూడా ఆ జిల్లాలోనిదే. మొత్తం రాష్ట్రం లెక్క కలిపి 1826లో మన్రో రాసినప్పుడు 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు అని తేలింది. టేలర్ రావడానికి పాతికేళ్ళ ముందు మాట ఇది.

ఆ బడి ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ రాసింది చూడాలి. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం కూడా కలిసి ఉండేది, ఆయన లెక్కలో 533 బడులుంటే వాటిలో 226 తెలుగు బడులు. పిల్లవాడికి అయిదేళ్ళు రాగానే బడిలో వేసేవారట. వినాయకుడికి పూజ చేసి పంతులు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయించేవాడు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ చేసే అక్షరాభ్యాసమే కదా. తర్వాత ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం. పొద్దున్న ఆరింటికే బడి. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి అని రాస్తారు, అది మర్యాద. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోతుంది. అల్లరి చేస్తే రెండు చేతులూ కట్టి కప్పుకి వేలాడదీయడం, లేదా ఆపకుండా కూర్చుని లేవడం. మన తాతలు చెప్పిన కోదండం, గుంజీళ్ళు ఇవే, ఒక కలెక్టరు పనిగట్టుకుని రిపోర్టులో రాసి పంపాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

పంతులికి జీతం అంటూ సర్కారు ఇచ్చేది ఏమీ లేదు. పిల్లల ఇళ్ళ నుంచి నెలకి ఇంత అని, పండక్కి ఇంత అని వచ్చేదే. దసరాకి పిల్లలు గిలకలు పట్టుకుని అయ్యవారితో ఇంటింటికీ తిరిగి పద్యాలు చదవడం మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ తిరుగుడు ఒట్టి సరదా కాదు, అయ్యవారి ఏడాది బతుకులో అదొక భాగం.

ఇంకో ముఖ్యమైన ముక్క. సర్కారు బడి అన్న ఆలోచన కూడా టేలర్‌తో మొదలు కాలేదు. మన్రో 1826లోనే ప్రతి కలెక్టరేటుకి రెండు బడులు, ప్రతి తాసీల్దారీకి ఒక బడి అని పథకం వేశాడు. కలెక్టరేటు బడి పంతులికి నెలకి 15 రూపాయలు, తాసీల్దారీ బడి పంతులికి 9 రూపాయలు. మొత్తం ఖర్చు ఏడాదికి సుమారు 48,000 అని అంచనా. మరుసటి ఏడాదే ఆయన గుత్తి దగ్గర పత్తికొండలో కలరాతో పోయాడు. కొన్ని బడులు పెట్టారు కానీ 1836లో ఆ పథకాన్నే ఎత్తేశారు. 9 రూపాయలకి ఎలాంటి పంతులు దొరుకుతాడు చెప్పండి. కాబట్టి 1836కీ 1852కీ మధ్య సర్కారు బడి లేని మాట నిజం, ఆ మధ్యలోనే కరువు కూడా వచ్చి వీధి బడులు కూడా చాలా దెబ్బతిని ఉంటాయి. బహుశా అందుకే "టేలర్ రాకముందు ఏమీ లేదు" అన్న మాట పుట్టి ఉంటుంది. చూసినవాళ్ళకి కనపడింది కరువు తర్వాతి ఊరు.

మాలపల్లి మనవడు

పైన ఇద్దరూ చాలా విషయాలు చెప్పారు, థాంక్స్. కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతాను. రైతు కట్టిన సొమ్ము అన్నారు, ఊరు ఒప్పుకుంది అన్నారు. ఊరు అంటే ఎవరు? విసబడిలో కూర్చుని భాగాలు పంచుకున్నది భూమి ఉన్నవాళ్ళు. ఆ భూమిలో నాట్లు వేసి, కోతలు కోసి, ధాన్యం ఇంటికి చేర్చిన మా వాళ్ళ పేరు జమాబందిలో ఉండదు. బడి సొమ్ము వచ్చింది ఆ పంట మీద నుంచే, ఆ పంటలో మా చెమట ఉంది, బడి గడప మాత్రం మాకు లేదు. ఇది సంచికలో ఒక్క వాక్యంగా అయినా రాకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

వీధి బడుల గురించి కూడా అంతే. 1823 లెక్కల్ని చూపించి మన దేశంలో అందరికీ చదువుండేది, ఇంగ్లీషువాళ్ళు నాశనం చేశారు అనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అవే లెక్కల్లో కులాల గళ్ళు ఉన్నాయి, అవీ చదవాలి కదా. తమిళ జిల్లాలతో పోలిస్తే మన తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణ పిల్లల వాటా చాలా ఎక్కువ. ఆడపిల్లలు దాదాపు లేరు, బళ్ళారిలో 6,641 మందికి 60 మంది. మేమైతే ఆ లెక్కలో దాదాపు కనపడం.

సర్కారూ, మిషనరీలూ అప్పట్లో వెంటనే మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు అనుకోవద్దు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి ఎంత పేరున్నదో మీకు తెలుసు, ఆయన పై కులాల పిల్లల కోసం అని ఎంచుకుని పెట్టాడు, కింది కులాలవాళ్ళను చేర్చుకోలేదు. అయినా 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవులయ్యేసరికి ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని మాన్పించి బడి ఖాళీ చేసినంత పని చేశారు. నరసాపురం బడి మొదలైంది కూడా సరిగ్గా ఆ ఏడాదే, గమనించండి. మీ వైపు మాకు అక్షరం చెప్పినవాళ్ళు అంటే గోదావరి డెల్టా మిషన్ వాళ్ళు. బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1836లో వచ్చి నరసాపురం, పాలకొల్లు కేంద్రంగా పనిచేశారు, ఆనకట్ట పనికి వచ్చిన కూలీల మధ్య కూడా తిరిగారు. మా ఇంట్లో మొదట సంతకం పెట్టడం వచ్చినాయన చదువుకున్నది మిషన్ బడిలోనే.

సర్కారు వైపు నుంచి పంచముల, అంటే మా వాళ్ళ, చదువు కోసం గట్టి ఉత్తర్వు వచ్చింది 1893లో. బడి కట్టుకోవడానికి పోరంబోకు స్థలాలు ఇవ్వడం లాంటివి అందులో ఉన్నాయి. లెక్క వేసుకోండి, 1852 నుంచి 1893కి 41 ఏళ్ళు. ఒక తరం పైగా. ఉత్తర్వు రాగానే పిల్లలు బడిలో కూర్చున్నారా అంటే అదీ లేదు, 1917లో బెజవాడలో పంచముల సభ జరిగినప్పుడు కూడా చదువు కోసం గొంతెత్తి అడగాల్సి వచ్చింది.

నేను గొడవ కోసం రాయడం లేదు. మీ బడిలోనే ఇప్పుడు మా పిల్లలు చదువుతున్నారు, ఆ బడి మాది కూడా. అందుకే దాని చరిత్రలో మేము ఎప్పుడు లోపలికి వచ్చామో కూడా ఉండాలి అంటున్నాను.

వశిష్ఠ ఒడ్డు

మీ ముగ్గురికీ చాలా చాలా థాంక్స్ అండి. నేను అడిగింది చారెడు, మీరు చెప్పింది బోలెడు. మాలపల్లి మనవడు గారూ, మీరు అడిగింది పూర్తిగా న్యాయం. ఒక వాక్యం కాదు, అది విడి భాగంగానే వేస్తాను. మొదటి ఎస్సీ విద్యార్థి ఎప్పుడు చేరాడు, మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరింది అన్నవి అడ్మిషన్ రిజిస్టర్లలో దొరకాలి కదా. రేపటి నుంచి అదే పని.

ఇంకో రెండు అనుమానాలు. మా ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉన్నట్టు రాయాలి? ఒకచోట రాజమండ్రి జిల్లా అంటారు, ఒకచోట గోదావరి, కృష్ణా అని కూడా ఎక్కడో చూశాను, చదివేవాళ్ళు గందరగోళపడతారు. రెండోది, ఈ లోకల్ ఫండ్ బోర్డు నుంచి ఇప్పుడు మనం చూసే జిల్లా పరిషత్ హైస్కూళ్ళ దాకా మధ్యలో ఏం జరిగింది?

రిటైర్డ్ టీచర్, డెల్టా

నేను పాలకొల్లు చుట్టుపక్కల బడుల్లోనే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను, కాబట్టి ఈ రెండిటికీ నేను చెబుతాను బాబూ.

జిల్లా సంగతి. 1859 వరకు రాజమండ్రి జిల్లా. ఆ ఏడాది రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాల్ని కలిపి విడగొట్టి గోదావరి, కృష్ణా అని రెండు చేశారు. 1904లో నరసాపురం కృష్ణా జిల్లాలోకి వెళ్ళింది, మీరు చూసింది అదే. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి ఏలూరు ముఖ్యపట్టణం అయింది. 2022లో మళ్ళీ విడిపోయి ఇప్పుడు భీమవరం. టేలర్ నాటి కాగితాల కోసం వెతికేటప్పుడు గోదావరి జిల్లా అని అడిగితే ఏమీ దొరకదు, రాజమండ్రి జిల్లా అని అడగాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ పాత రెవెన్యూ, విద్యాశాఖ కాగితాలు ఎక్కువగా మద్రాసు ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి, ఎందుకంటే మనం 1953 దాకా మద్రాసు రాష్ట్రమే. 1907లో వేసిన గోదావరి జిల్లా గెజిటీర్‌లో చదువు మీద ఒక అధ్యాయం ఉంటుంది, మీరు మొదట అది చదివి, తర్వాత మద్రాసు వెళ్ళండి, అప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

ఇక బోర్డుల సంగతి. 1871 లోకల్ ఫండ్ బోర్డుల స్థానంలో 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. మా తాతల నోట "బోర్డు స్కూలు" అని వినిపించేది ఇదే. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చి, చదువు కోసం విడిగా పన్ను వేసుకునే అధికారం స్థానిక సంస్థలకి ఇచ్చింది. మీ నాయనమ్మగారి వాళ్ళు చెప్పుకున్నది ఏ కాలం మాటో తేల్చుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి, శిస్తుతోపాటు కట్టాం అంటే అది 1850, 60ల నుంచి వచ్చిన మాట కావచ్చు, బోర్డు పన్ను అంటే తర్వాతిది. తాలూకా బోర్డులు 1930ల్లో పోయాయి. 1959లో షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ మొదలయ్యాక జిల్లా బోర్డుల బాధ్యత జిల్లా పరిషత్తులకి వచ్చింది. ఇప్పుడు గోదావరి పల్లెల్లో ZP అని గోడ మీద రాసి ఉండే బడుల్లో కొన్నిటి మూలం తవ్వుకుంటూ పోతే టేలర్ నాటి పల్లె బడి దాకా వెళ్ళవచ్చు, ఓపికుంటే ఒక్కో ఊరిదీ తవ్వి చూడండి.

మధ్యలో ఇంకో ముక్క కూడా ఉంది, దాన్ని మాత్రం నేను ఎప్పటికీ మెచ్చుకోలేను. 1860ల చివర నుంచి మద్రాసు రాష్ట్రంలో ఫలితాల గ్రాంటు అని ఒకటి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని చదవమంటాడు, రాయమంటాడు, లెక్క చేయమంటాడు, ఎంతమంది నెగ్గితే పంతులికి అంత డబ్బు. దీనివల్ల వీధి బడి పంతుళ్ళు చాలామంది సర్కారు లెక్కల్లోకి వచ్చిన మాట నిజమే, బడుల సంఖ్య పెరిగిందీ నిజమే. కానీ పంతులి అన్నం ఆ ఒక్కరోజు పరీక్ష మీద ఆధారపడితే అతను ఏం చెబుతాడు? బట్టీ పట్టించడం తప్ప ఇంకేమీ చేయడు. నేను సర్వీసులో ఉన్నంతకాలం ర్యాంకుల టెన్షన్‌లో పిల్లలు పడే బాధ చూశాను. ఆ జబ్బు మనకి నిన్నా మొన్నా పట్టింది కాదు అనిపిస్తుంది.

ఇసుక పలక

మాస్టారూ నమస్కారం, ఫలితాల గ్రాంటు ముక్క చాలా బాగా చెప్పారు. మాలపల్లి మనవడు గారికి ఒక మాట. మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటున్నాను, కులాల గళ్ళు చదవకుండా ఆ లెక్కలు వాడటం అన్యాయం. నేను ఆ అంకెలు చెప్పింది అందరికీ చదువుండేది అనడానికి కాదు, ఏమీ లేదు అన్న మాటని ఖండించడానికి. రెండూ ఒకేసారి నిజం. ఉంది, కొందరికే ఉంది.

ఆడపిల్లల సంగతి వశిష్ఠ ఒడ్డు గారు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టింది 1874లో. అంటే ఆనకట్ట కట్టిన ఊళ్ళోనే, ఆనకట్ట పూర్తయిన 22 ఏళ్ళకి. మీ హైస్కూల్లో మొదటి ఆడపిల్ల చేరిన ఏడాది తేలాక దాని పక్కన ఈ సంవత్సరం కూడా వేస్తే చదివేవాళ్ళకి కాలం అర్థమవుతుంది.

పాత దస్త్రం

మాలపల్లి మనవడు గారు అడిగిన "ఊరు అంటే ఎవరు" అన్న ప్రశ్న నేను మొదటే రాయాల్సిన మాట. విసబడి కాగితాల్లో ఊరు అంటే భూమి మీద హక్కున్న రైతులు, పక్కన కరణం, మునసబు. కూలీకి అందులో చోటు లేదు. 1863 చట్టంలో కూడా అంతే, పన్ను కట్టేవాడి మాటకే విలువ. కాబట్టి సంచికలో "ఊరి ప్రజలు" అని రాయకండి, "భూమి ఉన్న రైతులు" అని రాయండి. అది సరైన మాట, ఎవరినీ తక్కువ చేసినట్టు కాదు. వాళ్ళు చేసిన మంచి పని అలాగే ఉంటుంది, ఎవరు బయట ఉండిపోయారో కూడా తెలుస్తుంది.

మాలపల్లి మనవడు

అంతే చాలు అండి. వశిష్ఠ ఒడ్డు గారూ, రిజిస్టర్లు చూసేటప్పుడు కులం గడిలో మా పేర్లు కాలాన్ని బట్టి మారుతూ ఉంటాయి, పంచమ అని, ఆది ఆంధ్ర అని, హరిజన అని, కొన్నిచోట్ల క్రిస్టియన్ అని మాత్రమే. ఒక్క పేరు పట్టుకుని వెతికితే మిస్ అవుతారు. మిషన్ బడి నుంచి వచ్చి హైస్కూల్లో చేరినవాళ్ళయితే అంతకుముందు చదివిన బడి పేరు గడిలో ఉండవచ్చు, అదీ చూడండి. కావాలంటే నేను ఒక ఆదివారం వచ్చి మీతో కూర్చుంటాను.

రిటైర్డ్ టీచర్, డెల్టా

రిజిస్టర్ల గురించి ఒక జాగ్రత్త. నేను పనిచేసిన ఒక బడిలో బీరువా పైన కప్పు కారి, పాత అడ్మిషన్ రిజిస్టర్లు రెండు ముద్దయిపోయాయి, వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. అందుకని ముందు హెడ్మాస్టరుగారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టుకుని, వానాకాలం రాకముందే ప్రతి పేజీ ఫోటో తీసుకోండి. అట్టలతో సహా తీయండి, సంవత్సరం చాలాసార్లు అట్ట మీదే ఉంటుంది. పేజీలు అంటుకుపోయి ఉంటే లాగకండి, అలాగే పక్కన పెట్టండి. పిల్లల పుట్టిన తేదీలు, తండ్రుల పేర్లు ఉంటాయి కాబట్టి ఆ ఫోటోలు గ్రూపుల్లో పెట్టవద్దు, సంచికలో సంవత్సరాలూ సంఖ్యలూ వేస్తే సరిపోతుంది. బడి గోడల మీద శిలాఫలకాలు ఉంటే సున్నం కింద కప్పబడి ఉంటాయి, తడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి, ఇనుప బ్రష్ మాత్రం పెట్టవద్దు.

వశిష్ఠ ఒడ్డు

అలాగే మాస్టారూ. అర్జీ ఈ రాత్రే రాస్తాను. మనవడు గారూ, మీరు తప్పకుండా రండి, నంబరు మెసేజ్‌లో పంపుతున్నాను. మాది నరసాపురం కాబట్టి భోజనం సంగతి చూసుకునే పూచీ నాది ఆయ్. గ్రూపులో ఆ పాత మెసేజ్ కింద ఇప్పుడే రాసి పెట్టాను: నరసాపురం బడికి చొరవ టేలర్‌ది, పల్లె బడుల ఖర్చు భూమి ఉన్న రైతులది, ఆ భూమిలో పనిచేసినవాళ్ళ పిల్లలు లోపలికి ఎప్పుడు వచ్చారో రిజిస్టర్లు చూసి రాస్తాం అని.